పిలుపుకి పలికిన పూసలు

సోమవారం

పిలుపు రెండుచోట్ల తెగింది.

సాయంత్రం ప్రార్థన ముగించి, తలుపు తీసి, పక్కింటి మంగతాయిని పిలిచాను. ఆమె పలికి తన పక్కింటిని పిలవాలి. ఆ ఇల్లు పలికి తర్వాతి ఇంటిని పిలవాలి. ఇలా పోయి పోయి, వీధి కొసన మందిరం కింది గదిలో ఉండే మా చెల్లెలు దయామణి పలికాక ముగుస్తుంది. మా వీధి సముద్రం అడుగున పరిచిన పెద్ద గొట్టం. ఆ కొసన మాట్లాడితే ఈ కొసకి వినిపిస్తుంది. అందరి గొంతులూ విని, విన్నది ఇక్కడ రాయడం మా అమ్మ తర్వాత నా పని అయింది.

నీటికి పైన ఉండే పైఊరివాళ్లెవరైనా ఇది చదివితే తెలియడానికి రాస్తున్నాను. గొంతు మొద్దుగా వచ్చిందంటే ఆ గదిలో బరువుగాలి చేరిందని లెక్క. దానికి వాసన లేదు, రంగు లేదు. పల్లం వెతుక్కుంటూ పాకుతుంది, మనిషిని నిద్రపుచ్చుతుంది. మీటర్లు ఉన్నాయి, కానీ వాటిని ఉప్పు తినేస్తుంది. అందుకని మా పెద్దలు గొంతుని నమ్మారు. మొద్దు గొంతు వినపడితే విన్నవాళ్లంతా చేతిలో పని వదిలి ఆ ఇంటికి పరుగెత్తాలి. ముందు పరుగు. ప్రశ్నలు తర్వాత.

ఈరోజు మంగతాయి పలకలేదు. పోయి చూస్తే పీట మీద కూర్చుని వడపోత గుడ్డ పిండుతోంది, కళ్లు మూసుకుని. మెడలో సవ్వడి. పూసల దండలా ఉంటుంది. పాట ఎముక గుండా లోపలికి పోతుంది, చుక్కయినా బయటికి రాదు. భుజం కుదిపాను.

"అయ్యో వదినా! చరణం మధ్యలో ఉన్నా."

"నేను పిలుపు మధ్యలో ఉన్నాను."

"కోప్పడబాకు. ఇదిగో, ఉన్నా. పలికాగా!"

మరో మూడిళ్ల తర్వాత మళ్లీ తెగింది. అక్కడా అదే దండ.

చీకటి పడకముందే, పైఊరి నుంచి మనుషుల్ని దించే తొట్టిలో మా తమ్ముడు పరంజ్యోతి దిగాడు. సవ్వడి కంపెనీలో ఉద్యోగం. కొత్త సవ్వడి వస్తోందట. దాని ఆవిష్కరణ పైఊళ్లో కాకుండా మన మందిరంలో పెడుతున్నారట.

"దేశమంతా మన వీధిని చూస్తది పెద్దక్కా."

"మందిరం ఎవరిచ్చారు?"

"సంఘ పెద్దలు. కంపెనీ కొత్త ఫ్యాన్లు వేయిస్తానంది."



బుధవారం

పిలుపు ఒకచోట తెగింది.

మందిరం ఊడ్చే దయామణికి సాయం చేద్దామని వెళ్లాను. ఊడ్చే పని లేదు. బల్లలన్నీ బయట పెట్టేశారు. మెత్తటి కుర్చీలు తెచ్చారు. సిలువ మీద నల్లగుడ్డ కప్పారు. వెనకాల నలుపు ఉంటేనే వస్తువు మెరుస్తుందట. ప్రభువు రొట్టె పెట్టే బల్ల మీద తెల్లపట్టు పరిచి, దాని మీద అరచేతిలో పట్టేంత దిమ్మె పెట్టారు. దిమ్మె మీద మళ్లీ పట్టుముసుగు. లోపల ఇంకా ఏమీ లేదు. అయినా దాని ముందు నుంచి నడవకూడదని నన్ను అడ్డుకున్నారు.

ఒక అమ్మాయి జనానికి నేర్పుతోంది. ఆమె చెయ్యెత్తితే అందరూ "ఓ" అనాలి. గుండె మీద చెయ్యి పెట్టుకుంటే కళ్లు తుడుచుకోవాలి. మా వీధి జనం, ఆరాధనలో ఆమెన్ అనడానికి బద్ధకించేవాళ్లు, ఎంత ఒద్దికగా నేర్చుకుంటున్నారో.

ఇంటికొచ్చాక గోడ అవతల మంగతాయి సాధన.

"వదినా, నా 'ఓ' ఎట్టుంది?"

"పన్ను నెప్పి వచ్చినట్టుంది."

"అంతేనంటావా? ఇంకాస్త నోరు తెరుస్తా."

అన్నం సహించలేదు. మజ్జిగ తాగి పడుకున్నాను.

గురువారం

పిలుపు సాగింది.

ఆవిష్కరణలో సాక్ష్యాలు కూడా ఉంటాయట. మన సంఘంలో ఒకరు లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పినట్టు, వేదిక మీద నిలబడి సవ్వడి చేసిన మేలు చెప్పాలి. ఆ పద్ధతి కంపెనీకి నేర్పింది పరంజ్యోతే. మా అమ్మ ఒళ్లో కూర్చుని విన్న సాక్ష్యాలు వాడికి అక్కరకొచ్చాయి.

ఒక సాక్షి దయామణి. వారం నుంచి కొత్త పూసలు మెడలో వేసుకునే తిరుగుతోంది. అవి ఆమె గొంతు నేర్చుకోవాలట. కాగితం తెచ్చి నా ముందు చదివింది.

"'నా ఒంటరితనంలో సవ్వడి నాకు తోడైంది.' ఎట్టుంది?"

"నీకు ఒంటరితనం ఎప్పుడుందే?"

"లేదుగా. అందుకే రాసిచ్చారు."

పకపకా నవ్వింది. దయామణి నవ్వితే ఎదుటివాళ్లు నవ్వకుండా ఉండలేరు. నేను ఉండగలిగాను.

"అబద్ధమే అది."

"చిన్నోడి మొహం చూశావా పెద్దక్కా? ఇన్నాళ్లూ వాళ్లు వాడిని వైర్లు మోసేవాడిలాగే చూశారు. ఇప్పుడు వేదిక ఎక్కిస్తున్నారు. రెండు ముక్కలేగా. చెప్పేసి దిగిపోతా."

"అబద్ధానికి ఎన్ని ముక్కలని లెక్కేమిటి?"

"నీతో వేగలేనమ్మా. నువ్వు పరలోకానికి పోయినా అక్కడ వరండా ఊడ్చలేదని అంటావు."

ఆమె కోసం ప్రార్థన చేశాను. వాడి కోసం చేద్దామని మోకరించాను. మాటలు రాలేదు.

శుక్రవారం

పిలుపు ఒకచోట తెగింది.

కొత్త సవ్వడి ఏం చేస్తుందో పరంజ్యోతి ఈరోజు చెప్పాడు. పిలుపుకి పలుకుతుంది. మెడలో వేసుకున్న మనిషి పలక్కపోతే, రెండు క్షణాలు చూసి, ఆ మనిషి గొంతుతోనే పలికి, పక్కింటిని పిలుస్తుంది. పాట ఆగనక్కర్లేదు.

"పిలుపు తెగుతోందని నువ్వేగా ఏడుస్తున్నావు? ఇంక తెగదు."

"గొంతు ఎందుకు వింటామో నీకు తెలియదా?"

"తెలుసు."

"బరువుగాలిలో మనిషి గొంతు మొద్దుబారుతుంది. దాని గొంతు?"

వాడు గోళ్లు చూసుకున్నాడు. పైఊళ్లో గోళ్లకి రంగు వేయించుకుంటారు మగవాళ్లు కూడా.

"కొత్త ఫ్యాన్లు వస్తున్నాయి పెద్దక్కా. ఆ గాలి ఇంకెక్కడ చేరుద్ది? పిలుపు ఇప్పుడు ఆచారమే. ఆచారం అందంగా ఉంటే చాలు."

ఆ మాట వాడిది కాదు. ఎక్కడో నేర్చుకున్నది. చొక్కా మీద మరకలా అంటుకుని ఉంది.

"పొగ కూడా వేస్తారా?" అని అడిగాను. మందిరం గుమ్మంలో పెట్టెలు చూశాను. గడ్డకట్టించిన బరువుగాలి అది. కరిగితే తెల్లగా నేలమీద పాకుతుంది. పైఊరి వేదికల మీద మబ్బుల్లో నడిచినట్టు కనిపించడానికి వాడతారు. అడుగు వీధిలో దాన్ని దించడానికే ఒప్పుకోకూడదు.

"కాసేపే. ఫ్యాన్లు లాగేస్తాయి."

"ప్రమాణం చెయ్యి."

"పెద్దక్కా! నేనూ ఇక్కడే పుట్టా."

శనివారం

ఇది ఆదివారం ఉదయం రాస్తున్నాను.

నన్ను ముందు వరసలో, మంగతాయి పక్కన కూర్చోబెట్టారు. దీపాలన్నీ ఆర్పేశారు. తర్వాత ఫ్యాన్లు ఆగిపోయాయి. పుట్టిన దగ్గర్నుంచి ఆ హోరు వినకుండా నేను ఒక్క గంట కూడా బతకలేదు. చెవులు నొప్పెట్టాయి.

"ఈ నిశ్శబ్దం వినండి," అన్నాడు పరంజ్యోతి చీకట్లో. "సవ్వడి ఇచ్చే మొదటి బహుమతి ఇదే."

వేదిక మీద ఒక్క దీపం వెలిగింది, అమ్మాయి చెయ్యెత్తింది. అందరూ "ఓ" అన్నారు.

పొగ వదిలారు. మా తమ్ముడు తెల్లబట్టల్లో దాంట్లోంచి నడిచి వచ్చాడు. ఒక చెయ్యి ఎత్తి, ఒక చెయ్యి గుండెల మీద పెట్టి. ఆ నడక ఎవరిదో, ఏ పటంలోదో నాకు తెలుసు. మా ఇంట్లో గోడకుండేది. 

దయామణి వచ్చి తన రెండు ముక్కలూ చెప్పింది. గుండె మీద చెయ్యి చూసి జనం కళ్లు తుడుచుకున్నారు. చివర్లో అందరూ కలిసి నిలబడే దృశ్యానికి చీర మార్చుకోవాలని వేదిక పక్క మెట్ల మీదుగా కిందికి, తన గదికి దిగింది.

ఇంతలో పిలుపు వేళయింది. దాన్ని కూడా కార్యక్రమంలో కలిపారు.

"మా పెద్దక్క సువార్తమ్మ. ఈ వీధిలో పిలుపు మొదలయ్యేది ఆవిడ నోటినుంచే. పెద్దక్కా, పిలువు."

పిలవకూడదనే అనుకున్నాను. కానీ ఆ వేళకి పిలవకుండా నేనెప్పుడూ లేను. పిలిచాను.

మంగతాయి నా పక్కనే నోరు మూసుకుని కూర్చుని ఉంది. ఆమె గొంతు దూరంగా, ఆమె ఇంటి నుంచి పలికింది. ఇంటింటికీ గుమ్మానికి కొత్త పూసలు వేలాడదీశారట, సాధనలో పట్టిన గొంతులు వాటిలో నింపి. మనుషులంతా మందిరంలో, గొంతులు ఇళ్లల్లో. ఖాళీ ఇల్లు ఖాళీ ఇంటిని పిలుచుకుంటూ వచ్చింది. ఒక్క దగ్గు లేదు, ఒక్క తడబాటు లేదు. మంగతాయి నా చెయ్యి పట్టుకుంది. 

"వదినా, అది నేనేనా?"

చివరికి పిలుపు మందిరం కిందికి చేరింది. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత మా కాళ్ల కింద నుంచి దయామణి గొంతు: "ఉన్నానమ్మా!"

"ఓ" అన్నారు జనం.

దయామణి గదిలో ఉంది. పూసలు ఆమె మెడలోనే ఉన్నాయి. గదిలో ఉన్న దయామణి పిలుపుకి తనే పలుకుతుంది. పలకలేదు కాబట్టి అది పలికింది.

మెట్ల వైపు చూశాను. పొంగిన పాలు కుండ అంచు దిగినట్టు తెల్లగా, మెట్టు మీద మెట్టు, పొగ కిందికి దిగుతోంది.

లేచి పరుగెత్తాను. కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

మెట్ల దగ్గర వెనక్కి చూశాను. పరంజ్యోతి నన్నే చూస్తున్నాడు. నేనెక్కడికి వెళుతున్నానో వాడికి తెలుసు. ఇక్కడ పుట్టినవాడు. వాడి చెయ్యి పట్టుముసుగు మీద ఉంది. నవ్వు చెదరకుండా ముసుగు లాగాడు.

ఊపిరి బిగబట్టి దిగాను. గదిలో నడుము దాకా తెలుపు. మంచం పక్కన, సగం కట్టిన చీరతో, నేల మీద ఉంది.

"దయామణీ!"

"ఉన్నానమ్మా!" అంది మెడలో దండ. హాయిగా, నవ్వుతూ.

జుట్టు పట్టుకుని మెట్ల మీదికి ఈడ్చాను. పైన మంగతాయి చేతులు అందాయి. మిగిలినవాళ్లు అప్పటికి "ఓ" అనడం మానేశారు.

ఆదివారం

ఆరాధన లేదు. దయామణిని తొట్టిలో పైఊరి ఆసుపత్రికి తీసుకెళ్లారు. బతికింది.

పిలుపు నేను పిలవలేదు. అయినా వీధంతా పలుకుతూ పోయింది. ఎవరి పూసలు మొదలుపెట్టాయో తెలియదు.

నెల తిరిగాక, ఒక శుక్రవారం

ఆ మర్నాడే పైఊరు వెళ్లి, ఇన్నాళ్లూ ఆసుపత్రిలో దయామణి పక్కనే ఉన్నాను. నిన్న ఇద్దరం దిగాం.

మనిషి బాగానే ఉంది. నడుస్తుంది, అన్నీ అర్థమవుతాయి. మాటే పోయింది. పోలేదు, మొద్దుబారింది. నాలుక బరువుగా, ముద్దముద్దగా కదులుతుంది. మెదడుకి గాలి అందని ఆ కాసేపట్లో జరిగింది. ఇంక బాగుపడదని డాక్టరు చెప్పాడు. బరువుగాలి సోకినవాళ్ల గొంతు ఎలా ఉంటుందో, ఆమెది ఇప్పుడు రోజంతా అలాగే ఉంటుంది.

పరంజ్యోతి సంఘ పెద్దలతో కలిసి వచ్చాడు. పెద్దలు గుమ్మం దగ్గరే తలలు దించుకుని నిలబడ్డారు. వాడు మాట్లాడాడు.

"చిన్నక్కా, నీ పాత గొంతు మొత్తం ఇందులో ఉంది. నువ్వు పెదవి కదిలిస్తే చాలు, అది పలుకుద్ది. ఊరికే ఇస్తున్నారు, జీవితాంతం." ఆమె చేతిలో దండ పెట్టాడు. "పిలుపుకి కూడా. నీ ఇప్పటి గొంతు వింటే వీధంతా రోజూ హడలి పరుగెత్తాలి. వాళ్లకెందుకా బాధ?"

పెద్దలు ఔనన్నట్టు తలలూపారు. దయామణి నావైపు చూసింది. ఏం చెప్పను? గొంతు ఆమెది. 

సాయంత్రం ఆమె దండ వేసుకుంది. పిలుపు కొసకి వచ్చింది. "ఉన్నానమ్మా!" గలగలమన్న పాత గొంతు.

పిలుపు సాగింది అని రాశాను. కొట్టేశాను.

ఆదివారం

ఆరాధన తర్వాత నేనూ దయామణీ మా ఇంట్లో ఉండగా మంగతాయి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. మెడలో దండ లేదు, చేతిలో ఉంది.

"వదినా, పైఊళ్లో ఇంకో ఆవిష్కరణ జరిగింది. ఇది దాంట్లోది. విను."

పూస నా దవడకి ఆనించింది.

మా దయామణి. మంచి గొంతు, ఆరోగ్యంగా ఉన్నప్పటిది. సాక్ష్యం చెబుతోంది. "ఆ సాయంత్రం నా ఊపిరి ఆగిపోతున్నప్పుడు నా తరఫున పలికింది సవ్వడి ఒక్కటే. అది పలికింది కాబట్టే మా అక్క నాకోసం వచ్చింది. నేను మీ ముందు నిలబడి ఉన్నానంటే..." అక్కడ గొంతు వణికింది. ఎక్కడ వణకాలో కూడా నేర్పారు. వెనకాల వేలమంది "ఓ" అన్నారు.

పూస తీసి కొంగుతో దవడ తుడుచుకున్నాను. తుడిచినకొద్దీ ఇంకా ఏదో అంటుకుని ఉన్నట్టే ఉంది.

దయామణి చెయ్యి చాపింది.

"వద్దులేవే," అన్నాను.

చాపిన చెయ్యి తియ్యలేదు. ఇచ్చాను. చివరిదాకా వింది. కళ్లల్లో నీళ్లు లేవు. ఏదో అనబోయింది, పెదవి పక్క నుంచి ఉమ్మి జారింది, తుడిచాను. మళ్లీ ప్రయత్నించింది.

"నా కన్నా... బా...గా... చెప్పింది."

మంగతాయి ఏడ్చింది. దయామణి ఏడవలేదు. తన మెడలో దండ తీసింది. దాన్ని ఏం చేసిందో చూడలేదు. తర్వాత ఎక్కడా కనిపించలేదు, నేను వెతకలేదు.

సోమవారం

మధ్యాహ్నం పరంజ్యోతి వచ్చాడు. దయామణితో ఒక సంతకం పెట్టించుకోవాలట, గొంతు వాడుకున్నందుకు.

"ఆ సాక్ష్యం ఎవరు రాశారు?" అని అడిగాను.

"టీము."

"నువ్వు చదివావా?"

"చదివా."

"మార్చమన్నావా?"

"ఒక్క చోట. ముందు 'సోదరి' అని రాశారు. నేనే 'అక్క' అని మార్పించా. సహజంగా ఉంటదని."

ఆకలితో ఉన్నాడు. అన్నం పెట్టాను. చిన్నప్పుడు ఈ చేత్తోనే వాడికి ముద్దలు తినిపించాను. ఇప్పుడు ఆ ముద్దలు వాడి నోట్లోకి పోతుంటే చూడలేక తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాను. క్షమించాలని తెలుసు. క్షమించే మనసు ఇమ్మని అడిగాను కూడా, దేవుణ్ణి, వాడి విషయంలో. ఇంకా ఇవ్వలేదు.

పిలుపు వేళయింది. పిలిచాను. మంగతాయి తన నోటితో పలికింది. కొన్ని ఇళ్లు మనుషుల గొంతుతో పలికాయి, కొన్ని పూసల గొంతుతో నున్నగా పలికాయి. పిలుపు కొసకి చేరింది. రెండు క్షణాలు గడిచాయి. మూడో క్షణం కూడా గడిచింది.

"ఉ...న్నా...న...మ్మా."

గొట్టమంతా ఆ మొద్దు గొంతు దొర్లింది. ఒక తలుపు దబ్బున తెరుచుకుంది. తర్వాత వరసగా అన్నీ. మెడల్లో దండలున్నవాళ్లు పక్కవాళ్ల పరుగు చూసి లేచారు. చేతుల నిండా నురగతో ఒకరు, ఒక కాలికే చెప్పుతో ఒకరు.

పరంజ్యోతి ఎంగిలి చేత్తోనే వీధిలోకి వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. "ఆగండి! ఏం కాలేదు! అది మా చిన్నక్క గొంతే, ఎప్పుడూ అట్టాగే ఉంటది!"

"తప్పుకోరా!" అంటూ మంగతాయి వాణ్ణి గోడకి నెట్టేసి పోయింది. వెనకే నేను.

మందిరం కింది గది నిండిపోయింది. మెట్ల మీద కూడా జనం, రొప్పుతూ. ఒకరు గాలి గొట్టం తిప్పారు, ఒకరు ఆమె మొహం మీద విసురుతున్నారు. దయామణి మంచం మీద కూర్చుని ఉంది. ఒక్కొక్కరి మొహం చూసింది. నోరు కూడదీసుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు.

"గాలి... బాగుంది," అంది. "ఇది... నేనే."

మంగళవారం

పిలుపు సాగింది. దయామణి తన గొంతుతో పలికింది. అందరం మళ్లీ పరుగెత్తాం. గుమ్మంలో మంగతాయి వంగి తన మోకాళ్లు పట్టుకుని, రొప్పుతూ అడిగింది: "రోజూ పరుగెత్తిస్తావటే?"

దయామణి ఔనన్నట్టు తల ఊపింది.